తొమ్మిది నిమిషాలకోసారి

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... శ్రావణ బహుళ ద్వాదశి. గోదావరి మీద నల్లని మేఘాలు దిగి భద్రాచలం పట్టణాన్ని పట్టపగలే చీకటిలో ముంచాయి. ఆవలి ఒడ్డు అడవిలో పుట్టిన ఉరుము నీళ్ల మీదుగా దొర్లుకుంటూ వచ్చి మా కిటికీ అద్దాలను వణికించింది. పెరట్లో మునగచెట్టు మీద, పగలు ఏనాడూ కంటబడని గుడ్లగూబ ఒకటి కూర్చుని కూసింది.

సరిగ్గా ఆ క్షణాన నా భార్య ప్రసూన చేతిలోంచి అన్నం గిన్నె జారిపడింది.

ఆమె మెడ నెమ్మదిగా నా వైపు తిరిగింది. కనుగుడ్లు పైకి పోయి తెల్లదనం ఒక్కటే మిగిలింది. పెదవులు కదిలాయి కానీ గొంతు ఆమెది కాదు. బొగ్గుపొగ పట్టినట్టు బొంగురుపోయిన ఎవరో పెద్దావిడ గొంతు.

"లెవ్వయ్యా... టైమైంది. మొదటి షిఫ్టు కూత పడ్డది."

రెండుసార్లు ఊపిరి తీసేంత సేపు అలా ఉండి, స్విచ్ ఆపినట్టు మామూలు మనిషైపోయింది. కింద పడిన అన్నం చూసి, "అయ్యో, ఇదేంటండీ" అని చీపురు కోసం వెళ్లింది. ఏం జరిగిందో ఆమెకు తెలియదు. ఎలా చెప్పాలో నేను తేల్చుకునేలోపే ఆ గొంతు మళ్లీ వచ్చింది. అవే తెల్లకళ్లు... అదే గొంతు. అలా ఒంటిగంట లోపల ఏడుసార్లు!

మర్నాడు త్రయోదశి. మళ్లీ పన్నెండుకే. ఆస్పత్రిలో రక్తం పరీక్షించారు, తల స్కానింగ్ తీశారు, ఏ దోషమూ లేదన్నారు. నా భార్య కూడా వైద్యశాఖ మనిషే. దుమ్ముగూడెం మండలంలో నర్సు. రోజూ స్కూటీ మీద అడవి ఊళ్లు తిరిగి టీకాలు వేస్తుంది. ఊరూరా జ్వరాలు దించే మనిషి తన ఒంట్లోకి ఏది ఎక్కి దిగుతోందో తెలియక, రెండో రోజు సాయంత్రానికి నా చెయ్యి వదలకుండా కూర్చుంది.

"నేను అనే మాటలు రికార్డు చేశారా?" అని అడిగింది.

"చేశాను."

"వినిపించకండి."

నేను ముప్పై ఏళ్లుగా ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణం నడుపుతున్నాను. పేరు వెంకటనారాయణ. సరుకు ఎక్కడ పాడైందో తెలియకపోతే ఏడ్చి లాభం లేదని, మొదటి తీగ దగ్గర్నుంచి చూసుకుంటూ రావాలని ఈ వృత్తి నాకు నేర్పింది. చతుర్దశి నాడు మధ్యాహ్నం ఫోనులో టైమ్ చూస్తూ ఆమె ఎదురుగా కూర్చున్నాను. పన్నెండు... పన్నెండూ తొమ్మిది... పన్నెండూ పద్దెనిమిది... ఇరవై ఏడు...

ఆ అంకెలను కాగితం మీద రాసుకుని మళ్లీ చూశాను.

ఏ రోగమూ లెక్కగా తొమ్మిది నిమిషాలకోసారి రాదు. ఏ దేవతా అలా పూనదు. తొమ్మిది నిమిషాలు ఆగి మళ్లీ లేపేది లోకంలో ఒకటే ఉంది. అలారం గడియారం మీద ఉండే స్నూజ్ బటన్. ఈ కాలంలో అలారాలకు అందరికీ ఫోన్లే. రిమోట్ ఉన్న క్లాక్ రేడియో నేను ఈ ఏడాదిలో అమ్మింది ఒక్కటంటే ఒక్కటి.

కొన్నవాడు సారంగపాణి.

కొత్తగూడెంలో బొగ్గు గని సైరన్ మోగించే పని చేసి రిటైరయ్యాడు. భార్య బతుకమ్మ గోదావరిలో పడి చనిపోయిందని, శవం దొరకలేదని చెప్పేవాడు. తర్వాత క్వార్టర్ ఖాళీ చేసి దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఇల్లు కట్టుకుని, గాలి సోకిందనీ చేతబడి జరిగిందనీ వచ్చేవాళ్లకు కట్లు కట్టడం మొదలుపెట్టాడు. రెండు నెలల కిందట మూడు రోజుల జ్వరంతో ఉన్న ఒక పసిపిల్లను ధూపంలో కూర్చోబెట్టి ఉంచితే, ప్రసూన లోపలికి పోయి పిల్లను ఎత్తుకుని దవాఖానాకు తెచ్చేసింది. పిల్ల బతికింది. ఆ తర్వాత అతని గుమ్మం తొక్కినవాళ్లు లేరు. "నర్సమ్మా, నీకు గూడ టైమైతది" అన్నాడట. ఆ మాటను ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది.

ఆ తర్వాతే అతను దుకాణానికి వచ్చాడు. ఆ మాట తెలిసీ నేను అమ్మాను. సరుకు అడిగినవాడిని కాదనకూడదన్నది నా పద్ధతి.

"పగలు పన్నెండుకు అలారమా? మధ్యాహ్నం కునుకు తీయడానికా పెద్దాయనా?" అని అడిగాను.

"పండేటందుకు గాదు సేటూ. లేపేటందుకు."

"ఎవరిని?"

"ఉన్నరులే ఇంట్ల. నిద్ర జాస్తి."

నేను నవ్వాను. అతనూ నవ్వాడు.

అమ్మిన వస్తువును ఇంటికి వెళ్లి అమర్చి ఇవ్వడం నా అలవాటు. ఆ పెట్టెను అతని నడిగదిలో, గోడకు ఆనించి బల్ల మీద పెట్టింది నేనే. ఏరియల్ తీగను కిటికీకి కట్టింది నేనే. పక్కన ఎర్రగుడ్డ కప్పిన గుండ్రటిదేదో ఉంటే ఎండిన గుమ్మడికాయ అనుకున్నాను. కొత్తగూడెం స్టేషన్ పట్టిస్తే వద్దన్నాడు. "ఏ స్టేషనూ లేని జాగ పెట్టు" అన్నాడు. ఉత్త గరగర శబ్దం ఉన్నచోట ఆపించాడు. టైమ్ పెట్టాను. పక్కన ఎర్ర చుక్క వెలిగితే పగలని, లేకపోతే రాత్రని చెప్పాను. స్నూజ్ నేర్పాను. స్లీప్ కూడా నేర్పాను. దాన్ని నొక్కి ముప్పై పెడితే రేడియో ముప్పై నిమిషాలు మోగి, అంకె సున్నాకు రాగానే దానంతటదే ఆగిపోతుంది.

"ఆగినంక మల్ల లెవ్వదా?"

"మీరు లేపితేనే."

ఆ జవాబు అతనికి బాగా నచ్చింది.

"రిమోట్‌తో అన్నీ నడుస్తయా? నేను లేచి తీగెల కాడికి రాకుండ?"

"టైమ్ పెట్టడం తప్ప అన్నీ. టైమ్ మాత్రం పెట్టె మీద బటన్‌తోనే. ఇలా ఇంటికి ఒక్కసారే వచ్చి చూపిస్తాను, ఇప్పుడే చూసి నేర్చుకోండి. ఇంకోమాట, అడుగున ఒక చిన్న బ్యాటరీ వేయించుకోండి. కరెంటు పోతే పెట్టిన టైమంతా పోతుంది."

అతను చెయ్యి ఊపాడు. "నలభై ఏండ్లు కంపెనీ క్వార్టర్ల ఉన్న. కరెంటు పోవుడంటే ఏందో మాకు ఎరుకలేదు."

ఇది కంపెనీ లైను కాదు, అడవిలోంచి వచ్చే లైను. తాటాకు పడినా పోతుంది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. రెండోసారి చెప్పడం ఎందుకని మింగేశాను.

అమావాస్య నాడు ప్రసూనతో పనిచేసే ఆశా కార్యకర్త కమ్లిని ఆమె దగ్గర కూర్చోబెట్టి, సారంగపాణి ఇంటికి బండి తీశాను. పర్ణశాల దారంతా వాన. దారిలో వాగు పొంగి రోడ్డు మీదికొచ్చింది. నీళ్లు తగ్గేదాకా ఒడ్డున నిలబడి, గడియారంలో పన్నెండు దాటడాన్ని చేతగానివాడిలా చూశాను. ఫోన్ మోగింది.

"అన్నా, ఇయ్యాల గట్ల లేదు." కమ్లి ఒక్క గుక్కలో చెప్పింది. "పోతలేదు, వస్తలేదు. వచ్చింది గట్లనే ఉన్నది. సిస్టర్ చేతులు సల్లవడుతున్నయి. ఊపిరి ఒక్కోటి దూరందూరం తీస్తంది. జల్దీ రా."

నేను ఆ ఇంటి గడప చేరేసరికి పన్నెండూ నలభై.

తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గదంతా గుగ్గిలం పొగ, నిమ్మకాయలు, నెత్తురుతో తడిసిన ముగ్గు. నడుమ బూడిదతో గీసిన వలయం, అందులో పద్మాసనం వేసి సారంగపాణి. చేతిలో రుద్రాక్షలు లేవు... రిమోట్ ఉంది! వలయానికి అవతల, గోడ దగ్గర నేను పెట్టిన చోటే క్లాక్ రేడియో. దాని మీద ఎర్రగుడ్డ తొలగించిన కపాలం. ఆ కంటి గుంతల కింద ఎర్రటి అంకెలు. రేడియోలోంచి గరగర... ఆ గరగర లోపల, ఎవరో ఈడ్చి ఈడ్చి తీస్తున్న శ్వాస. అది ప్రసూన శ్వాస. ఇరవై రెండేళ్లుగా పక్కన వింటున్నాను, నాకు తెలుసు.

గడప దాటబోయాను. కాళ్లు కదలలేదు. వెనక్కి పోయి మీటర్ దగ్గర ఫ్యూజు పీకుదామనుకున్నాను. వెనక్కీ కదలలేదు.

"గడప కట్టిన సేటూ," అన్నాడు అతను తాపీగా. "నిలవడి చూడు. నీ సరుకు మస్తు పనిచేస్తంది." రిమోట్ నొక్కాడు. గడియారం మీద అంకె మారింది. పది. "పది నిమిషాలున్నది నీ పెండ్లానికి. నువ్వే చెప్పినవ్ గద, సున్నకొస్తే ఆగిపోతదని."

"ఆమెను వదిలెయ్యి. ఊరు వదిలి పొమ్మంటే పోతాం. ఆమె చేత నీ కాళ్లు..."

"కాళ్లెందుకు." అతను కపాలం వైపు చూపించాడు. "బతుకమ్మ. నా ఆడిది. గోదాట్ల పడలే, నేనే మంత్రానికి బలిపెట్టిన. నలభై ఏండ్లు గడియారం జూసి నన్ను డ్యూటీకి లేపింది. సచ్చినా అదే బుద్ధి. అంకె పన్నెండున్నంత సేపు నా మాట వింటది. ఒకటి పడంగనే పుర్రెలకు పోతది. ఈ బూడిద దాటి నా మీదికి రాదు. తీగె గిన లోపలికొస్తే గీత తెగుతది, గందుకే రిమోటు."

తొమ్మిది... ఎనిమిది... వాకిట్లో వాన గోడలా నిలబడింది. నేను ఏడ్చాను, దేవుళ్లను పిలిచాను, అతన్ని తిట్టాను. ఏదీ ఒక్క అంకెను ఆపలేదు. ఆరు... అయిదు... రేడియోలో శ్వాసకూ శ్వాసకూ మధ్య దూరం పెరిగింది. నాలుగు దగ్గర నేను లెక్కపెట్టడం మానేసి కళ్లు మూసుకున్నాను.

అప్పుడు అడవి నెత్తిన ఆకాశం పగిలింది! దిక్కులన్నీ తెల్లబడ్డాయి. ఎక్కడో లైనుకు తగిలి కొమ్మ విరిగిపడిన చప్పుడు... గదిలో బల్బు, అంకెలు, గరగర ఒక్కసారి ఆరిపోయాయి.

పది క్షణాల కటిక చీకటి. మళ్లీ కరెంటు వచ్చింది.

రేడియో మోగలేదు. స్లీప్ అంకె లేదు. గడియారం మీద 12:00... ఆరింది. 12:00... ఆరింది. బ్యాటరీ లేని ప్రతి గడియారమూ కరెంటు వచ్చాక అలాగే కొట్టుకుంటుంది. వెలిగినప్పుడు పన్నెండు. ఆరినప్పుడు ఏ వేళా కాదు. ఆ ఖాళీలో బతుకమ్మకు ఎవరి ఆజ్ఞా లేదు.

సారంగపాణి రిమోట్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. వాన హోరులోనూ ఆ బటన్ టకటక వినిపించింది.

"సేటూ," అన్నాడు. గొంతు మారిపోయింది. "టైం పెట్టు. ఒకటి పెట్టు. గడప కట్టు విప్పిన, లోపలికి రా."

నిజంగానే నా కాళ్లు కదిలాయి. లోపలికి నడిచాను. పెట్టె ముందు నిలబడి, టైమ్ బటన్ మీద వేలు పెట్టాను. నొక్కిపట్టి, పక్క బటన్ ఒక్కసారి తాకితే చాలు, పన్నెండు ఒకటవుతుంది.

"నొక్కు. నీ పెండ్లం బతుకుతది. నొక్కు సేటూ, నీ కాల్మొక్త."

జేబులో ఫోన్ మోగింది. రెండో చేత్తో తీశాను.

"అన్నా, సిస్టర్ కండ్లు తెరిచింది." కమ్లి ఏడుస్తూ నవ్వుతోంది. "నీళ్లడిగింది. మా ఆయనేరి అంటంది."

బతుకమ్మ ప్రసూన దగ్గర లేదు.

పుర్రెలోకీ పోలేదు.

అంటే ఈ గదిలోనే ఉంది.

నా వేలు బటన్ మీద నుంచి లేచింది. "ఒక్కసారే వచ్చి చూపిస్తానన్నాను, పెద్దాయనా," అన్నాను.

అతను కొంతసేపు నన్ను చూశాడు, కొంతసేపు మిణుకుమిణుకుమంటున్న అంకెలను చూశాడు. తర్వాత లేచి నిలబడి, కుడికాలు ఎత్తి, బూడిద గీత దాటించి, పెట్టె మీదికి చెయ్యి చాచాడు. వేలు బటన్‌కు అంగుళం దూరంలో ఆగిపోయింది.

రేడియో ఆగే ఉంది. అయినా అందులోంచే వచ్చింది... బొగ్గుపొగ పట్టిన ఆ గొంతు. ఈసారి చాలా మెత్తగా.

"పండుకో అయ్యా... షిఫ్టయిపోయింది."

అతని మోకాళ్లు వాటంతట అవే వంగాయి. "వద్దే... బతుకమ్మా, వద్దే," అని అరిచాడు. భుజాల మీద ఎవరో చేతులేసి పడుకోబెడుతున్నట్టు వీపు నేలకు ఆనింది. అరుస్తున్న నోరు అరుస్తుండగానే మూసుకుంది. కనురెప్పలను కనిపించని వేళ్లు కిందికి లాగాయి... రెప్పల కింద కనుగుడ్లు మాత్రం ఇంకా అటూ ఇటూ పరుగెడుతూనే ఉన్నాయి. గుండె గూడు ఒక్కసారి పైకి లేచింది. మరి దిగలేదు. బల్ల మీది కపాలం నడిమికి ఫట్టున పగిలి, రెండు చిప్పలుగా చెరోవైపు ఒరిగింది. వాకిట్లోంచి వాననీళ్లు లోపలికొచ్చి బూడిద గీతను మెల్లగా తీసుకుపోయాయి.

నిద్రలోనే గుండె ఆగిందన్నారు డాక్టర్లు. అబద్ధం కాదు.

నా వేలు నేనే తీశానా, మరెవరైనా ఎత్తారా అన్నది ఈనాటికీ తేల్చుకోలేను. నొక్కి ఉంటే ఆ ముసలాయన బతికేవాడు, ఆమె మళ్లీ పుర్రెలో బందీ అయ్యేది, ఇంకో అమావాస్యకు మా గిన్నె మళ్లీ జారేది. లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ రోజుకోసారి మళ్లీ మొదటినుంచీ వేసుకుంటాను.

ప్రసూన నెల తిరగకుండానే స్కూటీ తీసింది. జరిగింది ఆమెకు సగమే చెప్పాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నేను దుకాణంలో ఎవరితో మాట్లాడుతున్నా వదిలేసి, కొట్టుకునే గడియారాలన్నింటికీ టైమ్ పెట్టి గానీ కూర్చోనని నవ్వుతుంది.

ఒక్కటి మాత్రం ఆమెకు తెలియదు. తెల్లవారి ఆమెకంటే ముందే నాకు మెలకువ వస్తుంది. కళ్లు తెరవను. పెళ్లయినప్పటి నుంచీ ఆమె నన్ను లేపేది ఒకటే మాటతో... భుజం తట్టి, "ఏమండీ" అని. ఆమె చెయ్యి నా భుజం మీద పడుతుంది. ఆమె ఊపిరి తీసుకుంటుంది. ఆ తర్వాత ఏ మాట వస్తుందో వినేదాకా, రెప్పలు బిగబట్టుకుని అలాగే పడుకుని ఉంటాను.