పటం వెనక రాసిన పేరు

కారవాన్ గోడకి పటం తగిలించడం ఇంటి గోడకి మేకు కొట్టినంత సులువు కాదు. అసలు అది గోడే కాదు. పల్చటి ప్లైవుడ్, దాని వెనక థర్మోకోల్, ఆ వెనక బయటి రేకు. చిన్న పటాలైతే వెనక టేపు వేసి నొక్కేస్తాం. బండి కదిలినప్పుడు టకటకలాడకుండా కింది మూలలకి రెండు లప్పం ముద్దలు పెడతాం. అద్దం వాడం, ప్లాస్టిక్ షీటే. పెద్ద పటమైతే మాత్రం లోపల చెక్క బద్దె ఎక్కడుందో వెతికి దానికి స్క్రూ బిగించాలి. వెతకడానికి మా దగ్గర యంత్రాలేం లేవు. వేలి కణుపుతో తట్టుకుంటూ పోవడమే. ఖాళీ ఉన్నచోట డొల్లగా మోగుతుంది. బద్దె ఉన్నచోట మోత ఆగిపోతుంది.

దమ్మామ్ బయట ఒక షెడ్డులో పదకొండేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. చలికాలం ఎడారిలో గడిపే సౌదీ కుటుంబాల కోసం పాత కారవాన్లని, అంటే బండి వెనక కట్టి లాక్కెళ్లే చక్రాల ఇళ్లని, కొత్తగా తయారుచేసి ఇస్తాం. మాది అమలాపురం దగ్గర. వడ్రంగం కోసం వచ్చి, చివరికి పటాలు తగిలించేవాణ్ణయ్యాను. పేరు ప్రేమానందం. పేరులో ఉన్న ఆనందం మొహంలో లేదని షెడ్డులో అందరూ ఆటపట్టిస్తారు. నిజమే. అలిసిపోయాను.

నాతో పనిచేసేవాడు మహబూబ్ బాషా. కడప జిల్లావాడు, నాకన్నా నాలుగేళ్లు చిన్న. పద్నాలుగేళ్లలో మూడుసార్లే ఇంటికెళ్లాడు. భార్య సుల్తానాని చూసి ఐదేళ్లయింది. ఆరోజు అతనికి ఇక్కడ ఆఖరి రోజు. మర్నాడు తెల్లవారుజామున విమానం. ఫైనల్ ఎగ్జిట్ అంటే ఇక మళ్లీ రానక్కర్లేదు. పాస్‌పోర్టు మా ఫోర్‌మన్ ఇర్ఫాన్ దగ్గరుంది. సాయంత్రానికి ఈ కారవాన్ పూర్తిచేసి అప్పజెబితేనే ఇస్తానన్నాడు.

"వానికేం పొయ్యేకాలమన్నా? ఇప్పుడే ఈయొచ్చు గదా" అంటూనే పొద్దున్నుంచీ నవ్వుతున్నాడు బాషా. అతను నవ్వినప్పుడల్లా నాకు కడుపులో మండింది. దాచుకోవడం ఎందుకు, కుళ్లుకున్నాను.

పొద్దున పాత అలంకరణ అంతా పీకేశాం. మంచం తలవైపు గోడకున్న పాత పటం తీస్తే, దాని వెనక పెన్సిల్‌తో రెండు మాటలు రాసి ఉన్నాయి. బెంగాలీ అక్షరాలు. మాకిద్దరికీ చదవడం రాదు.

ఎవరో పేరు రాసుకున్నారని మాత్రం అర్థమైంది. ఎందుకంటే మా షెడ్డులోనూ ఆ అలవాటుంది. ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లేవాడు తన ఆఖరి పటం తగిలించే ముందు, దాని వెనక గోడ మీద పేరూ ఊరూ రాసి వెళతాడు. యజమానికి ఎప్పటికీ కనబడదు. ఇన్నేళ్లు ఇక్కడ బతికామని ఎక్కడో ఒకచోట గుర్తు ఉండాలి కదా.

కానీ ఇది ఇంటికెళ్లినవాడి రాత కాదు. ఇర్ఫాన్‌ని పిలిచి చూపిస్తే చెప్పాడు. పోయిన చలికాలం ఈ కారవాన్‌కి ఒక బంగ్లాదేశీ కాపలా ఉండేవాడట. చలికి తలుపులన్నీ బిగించుకుని, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. ఇంటివాళ్ల ఆచూకీ దొరక్క ఇక్కడే పూడ్చేశారు.

"బేచారా, ఎప్పుడూ ఒకటే అడిగేవాడట, ఘర్ కబ్ భేజోగే అని" అన్నాడు ఇర్ఫాన్, వెళ్లిపోతూ. ఇంటికెప్పుడు పంపిస్తారని.

బాషా గుడ్డకి థిన్నర్ అద్దాడు.

"తుడవకు బాషా. పక్కన రాసుకో. చోటుకేవన్నా కరువా?" అన్నాను.

"ఆయప్ప ఎప్పుడో పోయినాడు. ఇంగ ఈడ పేరెందుకన్నా ఆయప్పకు?"

రెండుసార్లు రుద్దితే రాత పోయింది. సరిగ్గా అదేచోట, గుండ్రటి అక్షరాలతో తన పేరు, ఊరు రాసుకున్నాడు. కింద 'ఇంటికి పోతాండా' అని కూడా రాశాడు. గట్టిగా ఆపాల్సింది. ఆపలేదు. పోయేవాడు ఏం రాసుకుంటే నాకేం అనుకున్నాను. ఆ విసుగుకి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను.

తర్వాత అతను గోడంతా తట్టి బద్దెలు వెతికాడు. ఎడమ చివర ఒకటి, కుడి చివర ఒకటి. మధ్యలో అంతా డొల్ల. నేనూ విన్నాను.

మధ్యాహ్నం మూడింటికి దుమ్ముతుఫాను మొదలైంది. మా కారవాన్ షెడ్డు బయట, ఆరుబయటే ఉంది. మొదట కిటికీలు పసుపుపచ్చగా అయ్యాయి, తర్వాత ఇటుక రంగులోకి తిరిగాయి. చూస్తుండగానే నల్లబడ్డాయి. పట్టపగలు దీపం పెట్టుకోవాల్సిన చీకటి. తలుపు వేసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కాం. అయినా నోట్లో ఇసుక కరకరలాడుతూనే ఉంది. చిన్న పటాలన్నీ అయిపోయాయి. మిగిలింది పెద్దదొక్కటే, సముద్రం బొమ్మ. మనుషుల మొహాలున్న బొమ్మలేవీ వద్దని కారవాన్ కొన్నవాళ్లు ముందే చెప్పారు.

బాషా మంచమెక్కి, స్క్రూ బిగించేముందు ఎడమ చివరి బద్దె పక్కన మళ్లీ తట్టాడు.

"అన్నా, ఈడ ఇంకో బద్దె ఉంది."

"పొద్దున లేదు కదా."

"ఇను."

డొల్ల... డొల్ల... మోత ఆగిపోయింది. నిజమే. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. నేను మంచమెక్కి ఆ గుర్తు మీదే తట్టాను. డొల్లగా మోగింది.

"పెళ్లాం ధ్యాసలో పడి చెవులు పనిచేయట్లేదురా నీకు" అన్నాను.

అతను నవ్వలేదు. గుర్తుకి కుడిపక్క జానెడు దూరంలో తట్టాడు. అక్కడ ఆగిపోయింది మోత. రెండో గుర్తు పెట్టాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మళ్లీ రెండో గుర్తు మీద తట్టాడు.

డొల్ల.

మూడో గుర్తు ఇంకో జానెడు అవతల పడింది. పైకీ కిందకీ తట్టి చూశాను. నా తల ఎత్తులో మొదలై, మంచం దాకా గట్టిగా ఉంది. పైన సన్నం. కింద, భుజాలంత వెడల్పు. గుర్తులు మూడూ ఒకే వరసలో, బాషా రాసిన పేరు వైపు వెళుతున్నాయి.

అప్పుడే కరెంటు పోయింది.

"బయటికి పోదాం" అన్నాను. తలుపు తోస్తే గాలి అటునుంచి తోసింది. భుజం పెట్టి నెట్టాను. కదల్లేదు. ముక్కుకి ఏదో వాసన తగిలింది. దుమ్ము వాసన కాదు. బొగ్గు... ఆరిపోతున్న బొగ్గు. నా తల బరువెక్కింది. ఇక్కడే కూర్చుండిపోతే చాలు, ఇంకే పనీ చెయ్యక్కర్లేదు అనిపించింది. అంత నీరసం నాకెప్పుడూ రాలేదు.

"బాషా, ఎక్కడున్నావు?"

"ఈడే... మంచం మింద. రొంత కూసున్యా." గుసగుసలా ఉంది గొంతు.

"గోడకి ఆనుకోకు."

మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లాను. చెయ్యి అతని భుజానికి తగిలింది. వీపు గోడకి ఆనించి ఉన్నాడు, సరిగ్గా తన పేరు మీద. భుజం పక్కన గోడని తట్టాను. మోత లేదు. అటుపక్క తట్టాను... లేదు. ఆ వెడల్పంతా అతని వెనకే ఉంది.

"లెయ్యరా. ప్రభువా... లెయ్యి!"

"లేయలేకపోతాన్నా..." అన్నాడు. ఆ తర్వాత చాలా చిన్నగా, "అన్నా... ఆయప్ప నా ఊరు పేరు అడుగుతాండాడు" అన్నాడు.

చొక్కా పట్టుకుని లాగాను. మనిషి ఇంచు కూడా కదల్లేదు. గోడ లోపల్నుంచి పొడి దగ్గు వినబడింది. ఒక్కసారే. వెంటనే అదే దగ్గు బాషా నోట్లోంచి వచ్చింది.

ఆ తర్వాత... గాలి తగ్గింది. కరెంటు వచ్చింది.

బాషా నిలబడి ఉన్నాడు. స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని, ఒక్కడే ఆ పెద్ద పటం ఎత్తి గోడకి బిగించాడు. నేను పటం పక్కన గోడని తట్టాను. ఎక్కడ తట్టినా డొల్లే. అతను బిగించింది చివరల బద్దెలకి కాదు, మధ్యలో; స్క్రూలు పట్టుకోవడానికి అక్కడ బద్దె లేదు. అయినా పటం నిలబడింది.

"బాషా, ఏమైందిరా?"

అతను నావైపు చూసి, "ఇంటికి" అన్నాడు. అంతే.

సాయంత్రం ఇర్ఫాన్ పాస్‌పోర్టు ఇచ్చాడు. తెల్లవారుజామున విమానాశ్రయానికి నేనే తీసుకెళ్లాను. దారంతా అతను నోరు విప్పలేదు. క్యూలో నిలబడి పాస్‌పోర్టు తెరిచి, అందులో ఉన్న ఫోటోని చూశాడు. మూశాడు. మళ్లీ తెరిచి చూశాడు. ఎన్నిసార్లు చూశాడో లెక్కపెట్టలేదు. ఇంటికెళ్లే సంతోషం మనిషిని మూగవాణ్ణి చేస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అతను లోపలికి వెళ్లగానే నాకు హాయిగా అనిపించింది. అది చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

మూడు వారాలకి సుల్తానా ఫోన్ చేసింది.

"అన్నా, మీ తమ్ముడు వచ్చినకాడి నుంచి మాట్లాడలే. కూడు తింటాండాడు, పండుకుంటాండాడు. సాయంత్రమైతే సంచి సర్దుకుని వాకిట్లో నిలబడతాడు. హిందీలో ఒకే మాట అడుగుతాడన్నా, ఘర్ కబ్ భేజోగే అని. ఇదే ఇల్లు గదా అంటే ఏడుస్తాడు. ఆడ ఏమైందన్నా ఈయప్పకు?"

ఎండదెబ్బ అయి ఉంటుంది, డాక్టరుకి చూపించమ్మా అన్నాను. ఆమె ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది.

నిన్న ఇర్ఫాన్ నన్ను పిలిచాడు. కారవాన్ కొన్నవాళ్లు అల్ ఖర్జ్ వైపు ఎడారిలో ఉన్నారట. బండి బాగుందట, పటాలు కూడా బాగున్నాయట. వాళ్ల నాలుగేళ్ల పాపకే ఏదో అయిందట. పొద్దస్తమానం ఆ సముద్రం బొమ్మ కింద కూర్చుని, ఎవరికీ అర్థంకాని మాటలు అంటోందట. షెడ్డులో పనిచేసినవాళ్లకి ఏమైనా తెలుస్తుందేమోనని వాళ్ల నాన్న రికార్డు చేసి పంపాడు.

ఇర్ఫాన్ ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు. చిన్నపిల్ల గొంతు. అరబ్బు పిల్ల. నిద్రలో మాట్లాడుతున్నట్టు మెల్లగా, ఒక్కో మాటా ఎవరో చెబుతుంటే విని అప్పజెబుతున్నట్టు అంది.

"సుల్తానా... నేనొచ్చినా... వాకిలి తీయే."

"మీ భాషేనా ఇది?" అనడిగాడు ఇర్ఫాన్ హిందీలో.

అవునన్నాను. అయితే రేపు పొద్దున బండి పంపిస్తాను, నువ్వే వెళ్లి చూడు అన్నాడు.