దాహమాపకి

కంఠపట్టీ ఇంకా అదరలేదు. దేహంలో తడి మిగిలి ఉన్నదని దాని అర్థం. కౌసల్య చీపుళ్ళ మోపును తల మీద సర్దుకుని, గుడ్డంపల్లె దారి వదిలి గుట్ట చుట్టూ మరొకసారి నడిచింది. నీడలో నిలవడం నిబంధనలకు విరుద్ధం. గుట్ట వెనుక ఎండిన కుంట దాటుతుండగా, పూసలదండ కింద దాగిన పట్టీ చిన్నగా అదిరింది. పెదవులు పగిలాయి. గొంతు బొంగురుపోయింది. నటించవలసిన అవసరం లేనంతగా దాహం ముదిరింది. ఇప్పుడామె పనికి సిద్ధం.

ఉదయం నుంచి రెండు ఊళ్ళు కొలిచింది. రెండు చోట్లా నీళ్ళిచ్చారు. రెండు చోట్లా తాగింది. మాటలను వదిలి, మింగిన ప్రతి గుక్కనూ పట్టీ విని ఓర్పు మండలికి చేరవేసింది.

మండలి తర్కం నిర్దుష్టమైనది. మనుషులు ఎక్కువగా బలయ్యేది నిర్దుష్టమైన తర్కాలకే. కరువును తట్టుకోవడం నేర్చిన ఊరికి నీటి అవసరం తగ్గుతుంది. ఆ మేరకు దానికి నీరు వదిలే గొట్టపు నీటిమూతిని బిగించాలి. అలా మిగిలిన నీటిని, తట్టుకోవడం ఇంకా నేర్వని నగరాలకు తరలించాలి. నగరాలు ఎన్నడూ నేర్వలేదు. ఆ అగత్యం వాటికి కలగలేదు. పల్లెలు మాత్రం శ్రద్ధగా నేర్చాయి. గట్లు వేశాయి, వరి మానాయి, మొక్కల మధ్య కుండలు పాతి వాటి చెమ్మతోనే పంట తీశాయి. ఓర్పు శ్రేణిలో ఒక మెట్టెక్కిన ప్రతిసారీ ఊరి ముందు ఒక శిలాఫలకం వెలిసేది, నీటిమూతి మరికొంత బిగిసేది.

ఏ ఊరు ఎంత తట్టుకోగలదో తెలిసేదెలా? అడిగితే రైతులు అబద్ధమాడతారని మండలి విశ్వాసం. అందుకని అతిథి పరీక్ష పుట్టింది. తనకే చాలని ఇల్లు పరాయి మనిషికి నీళ్ళివ్వదు; ఇచ్చిందంటే మిగులు ఉన్నట్టే. ఈ సూత్రం రాసినవాళ్ళెవరూ దాహంతో ఒక పల్లె తలుపు తట్టి ఎరుగరు.

గుడ్డంపల్లె ముందు ఆరో మెట్టు ఫలకం ఉంది, దాని పక్కన ఎనిమిదో మెట్టుది ఉంది. ఏడో ఫలకం లేదు. ఈ పూట ఇక్కడ ఒక్క ఇల్లు నీళ్ళిస్తే ఊరు తొమ్మిదో మెట్టెక్కుతుంది. అప్పుడది స్వయంభర గ్రామం, బయటి నీరు అక్కరలేనిది. నీటిమూతిని మూసి, సీసం పోసి, అధికారులు చప్పట్లు కొడతారు.

మొదటి ఇంటి అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్న ముసలాయన ఆమెను చూసి నవ్వాడు.

"చీపుర్లా? ఊడ్చేకి దుమ్ము శానా ఉండాది గాని, కల్లాపి జల్లేకి నీళ్ళు యాడుండాయి తల్లీ?"

"నీకు బుద్ధుండాదా చౌడప్ప బావా?" లోపలి నుంచి ఒకామె వస్తూ కసిరింది. "ఎండలో పడి వచ్చిన మనిసితో మొదాట మాట్లాడే మాటేనా ఇది?"

"నేను మాటే ఇస్తాండా ఓబుళక్కా. నీళ్ళు నువ్వియ్యి."

ఓబుళక్క మోపు దించడానికి చేయి సాయం చేసింది. పేరడగలేదు, ఊరడగలేదు. నీళ్ళిచ్చే దాకా అవేవీ అడగకూడదన్నది ఆ సీమ ఆచారం. పేరు విన్న తరువాత ఇచ్చేది నీళ్ళు కాదు, తీర్పు. చెంబు తీసుకుని ఆమె దొడ్లోకి వెళ్ళింది. తలుపు తీసి ఉండటంతో కౌసల్యకు అంతా కనిపించింది.

ఇంట్లో నీళ్ళ కాగు బోర్లించి ఉంది. దొడ్లో ఒక చిన్న మడి ఉంది. అందులో కొన్ని అనుముల తీగలు, కాయల్లో ఇంకా పాలు గట్టిపడనివి. తీగల మధ్య మెడ దాకా పాతిన కుండలు. ఓబుళక్క ఒక కుండ మూత తీసి, లోపలికి చేయి పెట్టి, అడుగున ఉన్న నీటిని చెంబులోకి తోడింది. ఆ కుండ చుట్టూ ఉన్న తీగలకు ఆ రోజుకు ఇక చెమ్మ లేదు.

"అనుములా అక్కా?"

"విత్తనానికి. ఈ ఊళ్ళో ఇంగ యాడా లేవు. ఈ కాయ ముదిరితేనే వచ్చేయేటికి వేసేది. లేకపోతే లే." చెంబు చాచింది. "తాగు."

కౌసల్య చేయి చాచలేదు. తాను తాగితే రేపు నీటిమూతి మూసుకుంటుంది. ఎల్లుండికి ఈ కుండలు నింపే దారి ఉండదు. తాగకుండా లేచిపోయినా ఫలితం లేదు. ఒక్క పొడి కొలతను మండలి నమ్మదు. గాజుల మలారంతోనో, సోదె బుట్టతోనో మరో మాపకిని పంపుతుంది. ఆమె తాగుతుంది.

ఓబుళక్క ముఖం మెల్లగా మారింది.

"మా ఇంట్లో తాగగూడదని ఎవురన్నా జెప్పినారా?"

ఆ ప్రశ్న వెనక ఎన్ని తరాల అవమానం ఉందో కౌసల్యకు తెలుసు. ఆమె పూసలదండ పక్కకు లాగి, గొంతుకు అతుక్కున్న పట్టీని చూపించింది. మాపకి అన్న మాట ఊళ్ళో ఉచ్చరించడం నేరం. ఆమె అంతా చెప్పింది. చీపుళ్ళ సంగతి, గుక్కల సంగతి, మెట్ల సంగతి, సీసం సంగతి.

చౌడప్ప పేనుతున్న తాడు వదిలేశాడు.

"అయితే పోయినేడు గాజులమ్మేకి వచ్చినాయమ్మ?"

"మా మనిషే."

"నా పెండ్లాము ఆయమ్మకి సల్ల గూడా పోసినాది గదా."

"మజ్జిగకు రెండు మెట్లు. అందుకే ఆరు నుంచి ఎనిమిదికి పోయినారు."

ముసలాయన నవ్వబోయి మానుకున్నాడు. "ఫలకం పెట్టిన దినం కొబ్బరికాయ కొట్టింది నేనే," అన్నాడు. తరువాత జేబులోంచి ఫోను తీసి వియ్యంకుడి ఊరికి కలిపాడు. "వెంకటరమణ బావా, యెవురొచ్చినా నీళ్ళియ్యొద్దు. కారణం తర్వాత జెప్తా. యెవురొచ్చినా అంటే యెవురొచ్చినా."

 అప్పుడు ఓబుళక్క తన పుట్టుకలో, తన తల్లి పుట్టుకలో ఎవరూ చేయని పని చేసింది. మనిషి ముందు పెట్టిన నీళ్ళను వెనక్కి తీసుకుంది. దొడ్లోకి నడిచి, చెంబును కుండలోకి వంచి, మూత పెట్టింది. తిరిగి వచ్చినప్పుడు కౌసల్య ముఖం చూడలేకపోయింది.

మధ్యాహ్నానికి కబురు గుట్ట దాటింది. కౌసల్య అరుగు చివర కూర్చునే ఉంది. లేచే శక్తి లేదు. ఆమె చెవిలో దాగిన చిన్న యంత్రంలో మండలి కంఠం పలికింది.

"మాపకీ, మీ పరిధిలో ఊళ్ళన్నీ మిగతా మాపకిలకూ పొడి చూపుతున్నాయి. పొద్దున తడి చూపినవి కూడా. మెట్ల లెక్క కుదరడం లేదు. పరికరం సరిచూడండి."

"పరికరం సరిగానే ఉంది."

"అయితే కారణం?"

ఆమె పూసలదండను మళ్ళీ పట్టీ మీదికి లాక్కుంది. కంఠం మళ్ళీ అడిగింది, తరువాత ఆగిపోయింది. తడి కొలత లేకుండా ఏ నీటిమూతినీ మూసే అధికారం మండలికి లేదు. పరీక్ష చచ్చిపోయిందని కౌసల్యకు అర్థమైంది. ఎంత ఖరీదుకు చచ్చిందో ఇంకా అర్థం కాలేదు.

పొద్దు వాలుతుండగా వీధిలోకి గొర్రెలు వచ్చాయి. వాటి వెనక గొంగడి వేసుకున్న కాపరి. తూలుతున్నాడు. ఓబుళక్క ఇంటి ముందు కర్ర ఆనించుకుని నిలబడ్డాడు.

"అమ్మా, రోంత నీళ్ళు."

వీధిలో ఒక తలుపు మూసుకుంది. ఇంకొకటి మూసుకుంది. చౌడప్ప నేల వైపు చూస్తూ తాడు పేనుతున్నాడు.

"అక్కా, ఆయన మా మనిషి కాదు," కౌసల్య మెల్లగా అంది. "గొంతు చూడు, పట్టీ లేదు. నిజంగానే కాపరి."

"పట్టీ రేపు ఇంకో తావున పెడతారు," అంది ఓబుళక్క, ఆమె వైపు తిరగకుండానే. "పొద్దున నువ్వు గూడా నిజంగానే చీపుర్లమ్ముకునేదానివి."

గడపలోకి వచ్చి, రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

"లేవు నాయినా."

కాపరి తల ఊపాడు. ఎండిన పెదవులు తడుపుకోబోయాడు. నాలుక మీద తడి లేదు. ఆమె ముఖంలో ఏం చూశాడో గాని, ఓదార్చవలసింది తానేనన్నట్టు గొంతు తగ్గించాడు.

"లేకనే గదమ్మా. ఉంటే ఇయ్యకుండా ఉంటావా?"

గొర్రెలను అదిలించుకుంటూ పక్క ఊరి దారి పట్టాడు.