నీలం బాటిల్

నీళ్లు తాగినట్టు తను నటిస్తే దాహం కూడా తీరినట్టు నటిస్తుందేమో అనుకుంది. నటించలేదు.

రెండో కిలోమీటరు రాయి దగ్గర పిన్ని సైకిల్ తొక్కుతూ పక్కకొచ్చి, "నీళ్లు తాగుతున్నావా అమ్మా?" అని అడిగింది. తను ఖాళీ బాటిల్ పెదాలకు ఆనించి రెండు గుటకలు గాలి మింగింది. ఇప్పుడు నాలుగో రాయి దాటింది. నాలుక అట్టముక్కలా ఉంది.

కొండ మీద ఒక్క చెట్టు లేదు. ఎండ, గాలి, రోడ్డు. తన పక్కనే మోకాలెత్తు పిట్టగోడ. దాని అవతల ఏమీ లేదు. కింద, వాళ్లు బయల్దేరిన పెట్రోల్ బంకు అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. చూడకూడదనుకుంది. చూసింది.

ఆ బంకు వెనకాలే నీళ్లన్నీ పారబోసింది.

పోయిన ఆదివారం చిన్న గుట్ట ఎక్కినప్పుడు అన్నయ్య ముందే పైకి చేరాడు. అరటిపండు తినేసి తొక్క ఊపుతూ, "వచ్చావా నత్తా? నాకు గడ్డం కూడా మొలిచేసింది" అన్నాడు. వాడికి పదమూడేళ్లు, తనకి పదకొండు. ఇవాళ నత్త అనిపించుకోకూడదు. సైకిల్ తేలికైతే వేగంగా వెళ్తుంది. సన్న టైర్ల ఈ రేసు సైకిల్ మీద తీసెయ్యడానికి ఉన్న బరువు నీళ్లొక్కటే. కింద ఉన్నప్పుడు అది తెలివైన పనే అనిపించింది.

ముందు అన్నయ్య, వెనక పిన్ని. పిన్ని ఆసుపత్రిలో నర్సు. బయల్దేరే ముందు ఇద్దరికీ చెప్పింది.

"పైన గాలికి మాట వినపడదు. ఆగాలంటే చెయ్యెత్తండి, చాలు. మా వార్డులో ఒకాయన నొప్పి లేదమ్మా, లేదమ్మా అంటూనే మంచం కమ్మీ గట్టిగా పట్టుకుని వంచేశాడు. మీరలా చెయ్యకండి బాబూ, సైకిళ్లు పాడవుతాయి."

అన్నయ్య పడీ పడీ నవ్వాడు. తనూ నవ్వింది.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఇంతకన్నా తేలిక గేరు లేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. చెయ్యెత్తితే పిన్ని వస్తుంది. బాటిల్ చూస్తుంది. ఎత్తకపోతే ఇంకా మూడు కిలోమీటర్లు.

పడిపోతానేమోనని ఒక భయం. దొరికిపోతానేమోనని ఇంకో భయం. విచిత్రంగా రెండోదే పెద్దగా ఉంది.

మలుపులో లారీ ఎదురొచ్చింది. తగలకుండానే పక్కనుంచి దూసుకుపోయింది. దాని గాలి మాత్రం సైకిల్‌ని అమాంతం పక్కకు తోసింది. ముందు చక్రం పిట్టగోడకు జానెడు దూరంలో వణికింది. కళ్ల ముందు నల్ల చుక్కలు తేలాయి.

అప్పుడు తన చేతులు చూసుకుంది. హ్యాండిల్ మీద వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మంచం కమ్మీ గుర్తొచ్చింది.

ఒక వేలు విప్పింది. ఇంకొకటి. చెయ్యి హ్యాండిల్‌ని వదలగానే సైకిల్ ఊగింది. పడలేదు. చెయ్యి మెల్లగా పైకి లేచింది.

వెనక పిన్ని విజిల్ మోగింది. ముందు అన్నయ్య ఆగాడు. రోడ్డు పక్క కాస్త వెడల్పుగా ఉన్నచోట ముగ్గురూ దిగారు.

"ఏంటే నత్తా, అప్పుడే బ్యాటరీ అయిపోయిందా?"

"నువ్వు ఆగరా కాసేపు." పిన్ని తన దగ్గరికొచ్చి వంగి, మోకాలు పట్టుకుని చూసింది. "కాలు పట్టేసిందా అమ్మా?"

అవునంటే చాలు. పిన్ని కాలు పిసుకుతుంది. అన్నయ్య నోరు మూసుకుంటాడు. ఆ 'అవును' నాలుక మీదికి వచ్చేసింది కూడా.

తల అడ్డంగా ఊపింది. సైకిల్‌కి తగిలించి ఉన్న నీలం బాటిల్ తీసింది. మూత మీద వేళ్లు రెండుసార్లు జారాయి. మూడోసారి తిరిగింది.

ఇద్దరూ చూస్తుండగా బాటిల్‌ని తలకిందులుగా పట్టుకుంది.