యాభై మూడో జవాబు

దారం మూడోసారి కూడా సూదిలోకి ఎక్కలేదు.

పరుపుల మేస్త్రీ దారం కొసను నాలుకతో తడిపి, వేళ్ళ మధ్య మెలేసి, కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి మళ్ళీ గురి చూశాడు. కొస బెజ్జం పక్కనుంచి జారిపోయింది. ముందు గదే ఆయన పనిగది. ఒక మూల దూది గుట్ట, ఇంకో మూల గుడ్డ తానులు, మధ్యలో సగం కుట్టిన పరుపు. ఒకప్పుడు ఈ గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఇప్పుడు కావాలంటే పరిగెత్తొచ్చు. ఊరంతా స్పాంజి పరుపుల మీద పడుకోవడం నేర్చుకుంది మరి.

"పక్క గదిలో పడుచు కళ్ళున్నాయిగా, పిలవొచ్చుగా" అంది వంటింట్లోంచి భార్య.

"నాకెవరి కళ్ళూ అక్కర్లేదు."

"అయితే ఆ పరుపు మీద పడుకునేవాళ్ళని వచ్చే ఏడాది రమ్మందాం."

అప్పుడే కూతురు బయటికొచ్చింది. భుజాన సంచి, చేతిలో చెప్పులు. తండ్రికి మూడడుగుల దూరంలో నిలబడి వంటింటి వైపు తిరిగి, "అమ్మా, సాయంత్రం కొంచెం ఆలస్యమవుతుందని చెప్పు" అంది.

"ఎవరికే చెప్పేది? గోడకా? ఎదురుగానే ఉన్నాడు, నువ్వే చెప్పు."

కూతురు చెప్పలేదు. మేస్త్రీ సూది మీద నుంచి కళ్ళెత్తలేదు. తలుపు మూసుకుంది.

"ఏడు నెలలయింది మీ ఇద్దరి మాటలూ అటూ ఇటూ మోయబట్టి" అంటూ తల్లి వచ్చి సూది లాక్కుంది. ఆవిడ వల్లా కాలేదు. "చూశావా, నావీ పోయాయి" అని ఇచ్చేసి వెళ్ళిపోయింది.

ఏడు నెలల కిందట కూతురికి ఉద్యోగం వచ్చింది. వచ్చింది ఎక్కడో కాదు, స్పాంజి పరుపులు అమ్మే కంపెనీలోనే. వేలమందికి వెళ్ళే మెయిళ్ళు రాయడం ఆమె పని. అందులోనూ పైన కనబడే ఒక్క లైను రాయడం అసలు పని. అది చూసే జనం తెరవాలా చెరిపెయ్యాలా తేల్చుకుంటారట.

"భయపెడితే తెరుస్తారు నాన్నా, ఆశపెడితే తెరుస్తారు. సగం చెప్పి ఆపేస్తే ఇంకా తొందరగా తెరుస్తారు" అని ఆ రోజు దూది గుట్ట మీద కాళ్ళు చాపుకుని ఉత్సాహంగా చెప్పింది.

"అంటే తలుపు కొట్టి పారిపోయే పిల్లకాయల పనన్నమాట" అన్నాడు మేస్త్రీ. ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

తన మొదటి మెయిల్ నాన్నకే అందాలని ఆమే ఆయన ఫోన్లో అడ్రసు తయారుచేసి, కంపెనీ జాబితాలో చేర్చింది. మర్నాడు అది వచ్చింది. పైమాట ఇది: "మీ దూది పరుపులో ఎవరు కాపురం ఉంటున్నారో తెలుసా?" తెరిస్తే లోపల కొండంత చేసి చూపించిన పురుగు బొమ్మ.

మేస్త్రీ చదువు అయిదో తరగతితో ఆగింది. కానీ ఆ బొమ్మ అర్థం కావడానికి చదువెందుకు? ముప్పై అయిదేళ్ళుగా తను ఊపిరితిత్తుల్లోకి పీల్చుకున్న దూది అది. ఒళ్ళు మండింది. "ఈ దూదిలోనే దొర్లి పెరిగావు. అయితే ఆ పురుగుల్లో నువ్వూ ఒకదానివే" అన్నాడు.

కూతురు ముఖం పాలిపోయింది. లేచి బట్టలకంటిన దూది దులుపుకుని లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత ఆ గుట్ట మీద కూర్చోలేదు.

తనే వెళ్ళి ఒక మాట అంటే పోయేది. కానీ ఆయన నోటికి కొట్టడం తెలుసు, మందు రాయడం తెలియదు. బతుకంతా ఎవరూ ఆయనకు క్షమాపణ చెప్పలేదు. దుకాణం లాక్కున్న అన్నా చెప్పలేదు, బడి మాన్పించిన తండ్రీ చెప్పలేదు. అదెలా చెబుతారో ఆయన చూసి ఎరగడు.

అయితే మెయిళ్ళు మాత్రం ఆగలేదు. మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. మొదటి వారం చెరిపేశాడు. రెండో వారం తెరిచాడు. చదివితే అట్టడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట కనబడింది: "మీ మాట మాకు విలువైనది. తప్పక జవాబు రాయండి." రాసేది తన కూతురు. రాయమంటోంది కూడా తన కూతురే. మేస్త్రీ ఒక్క వేలితో టకటకా కొట్టి జవాబు రాశాడు.

అప్పటినుంచి ఒక్కటీ వదల్లేదు. పైమాట ఏదైనా సరే తెరిచేవాడు. "ఈ రోజే ఆఖరు" అన్నా, "మీకు మాత్రమే" అన్నా ఆయనకు ఒకటే. ఆయన చూసేది పైమాట కాదు. మంగళవారమా, శుక్రవారమా అనే. భార్య టీ పెట్టడానికి లోపలికెళ్ళగానే రాసేవాడు. ఇంతవరకూ ఒక్కదానికీ కూతురి దగ్గరనుంచి ఉలుకూ పలుకూ లేదు. దీనికి నా మొండితనమే వచ్చింది అనుకునేవాడు. అందులో కోపమెంతో, గర్వమెంతో ఆయనకే తెలియదు.

ఈ రోజు మంగళవారం. పదింటికి ఫోన్ మోగింది. సూది పక్కన పెట్టి చూశాడు.

"ఒక మాట చెప్పాలి. చాలా రోజులుగా చెప్పలేకపోతున్నాను."

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. తెరిస్తే తెరనిండా తెలుపు, మధ్యలో ఒకే ఒక్క లైను: "ఇన్నాళ్ళూ మనం పక్కపక్కనే ఉన్నాం. అయినా..." దాని కింద ఇంకా ఉంది, వేలితో పైకి జరపాలి. ఆయన జరపలేదు. ఆడపిల్ల తనే ముందుకొచ్చాక ఇంకా చదువుతూ కూర్చుంటే తను తండ్రేమిటి? ముందు తనే చెప్పెయ్యాలి. తప్పులు పడితే చెరుపుకుంటూ, ముప్పావుగంట సేపు రాశాడు. పంపేశాడు.

అప్పుడు పైకి జరిపాడు.

నడుం వాలిపోయిన పరుపు బొమ్మ. దాని కింద, "ఇట్లు, మీ పాత పరుపు. నాకు విశ్రాంతినివ్వండి. ఈ వారమే ముప్పై శాతం తగ్గింపు."

చాలాసేపటికి భార్య టీ తెచ్చి, "ఏంటలా ఉన్నావు, ఎవరైనా పోయారా?" అంది.

"నేనే పోయాను" అన్నాడు మేస్త్రీ.

* * *

సాయంత్రం కూతురు గడపలో కాలు పెట్టేసరికి ఆయన గది మధ్యలో నిలబడి ఉన్నాడు.

"నా ఉత్తరం నాకిచ్చెయ్" అన్నాడు.

ఏడు నెలల్లో ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరితోనో అంటున్నాడనుకుని.

"ఏ ఉత్తరం?"

"ఏ ఉత్తరమా! యాభై మూడు రాశాను. ఒక్కదానికైనా ఊ అన్నావా? అనకపోతే పోయావు. కానీ ఇవాళ్టిది మోసం. చెప్పాలనుంది, చెప్పలేకపోతున్నాను అని రాస్తే... మనిషన్నవాడు ఏమనుకుంటాడు? లోపల చూస్తే పరుపు! తగ్గింపు!"

"నాన్నా, నువ్వు నాకు ఒక్కటి కూడా రాయలేదు."

"రాయలేదంటావేం?" ఫోన్ ఆమె ముఖం మీదికి పెట్టాడు. "ఇదిగో పంపిన అడ్రసు. నీది కాదా?"

ఆమె అడ్రసు చూసింది. సంచి భుజం మీద నుంచి జారి కిందపడింది.

"ఇది నాది కాదు నాన్నా. కంపెనీది. మెయిల్ వెళ్ళడానికే తప్ప, దీనికి ఏమొచ్చినా ఎవరూ తెరవరు."

"కింద రాశావుగా, జవాబు రాయండి అని?"

"అది... అందరూ రాస్తారు. మర్యాదకి."

"మర్యాదా!" మేస్త్రీకి నవ్వొచ్చింది, అందులో సంతోషం లేదు. "మీ అమ్మ మోకాలు సంగతి రాశాను. నా దగ్గు సంగతి రాశాను. అన్నీ మర్యాద మింగేసిందన్నమాట."

తల్లి వంటింటి గుమ్మంలోంచి, "అంటే ఏంటి, ఈ మనిషి ఇన్నాళ్ళూ పరుపుల కంపెనీకి నా మోకాలు గురించి రాశాడా?" అంది. నవ్వబోయి, ఇద్దరి ముఖాలూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను చూస్తాను నాన్నా. రేపు ఆఫీసులో వెతికి..."

"అన్నీ చూసుకో. ఇవాళ్టిది మాత్రం చదవకుండా చెరిపెయ్."

"ఎందుకు?"

"అది నిజమనుకుని రాసింది" అని మేస్త్రీ చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

* * *

మర్నాడు ఆఫీసులో పైఅధికారి ఆమె బల్ల దగ్గరికే వచ్చి మెచ్చుకున్నాడు. కంపెనీ పెట్టాక ఇంతమంది తెరిచిన మెయిల్ లేదట. "ఇలాంటివి ఇంకో పది రాయమ్మా" అన్నాడు.

ఆమె ఆ జవాబుల డబ్బా అడిగింది. కంప్యూటర్లు చూసే అతను తల గోక్కున్నాడు. "అదా? అందులో ఏముంటుందండీ, తిట్లు తప్ప" అంటూనే తెరిచిపెట్టాడు.

నిన్నటి మెయిల్‌కి వచ్చిన జవాబులు పైనే ఉన్నాయి. తిట్లు చాలానే ఉన్నాయి. మధ్యమధ్యలో వేరేవి. "నువ్వేనా?" అని ఒకరు. "ఫోన్ చెయ్యి, నేను కోప్పడను" అని ఒకరు. "మా తమ్ముడేమో అనుకుని బస్సు దిగి మరీ తెరిచాను. పరుపులట. థూ" అని ఇంకొకరు. భయపెడితే తెరుస్తారు, ఆశపెడితే తెరుస్తారు అని నేర్చుకున్న పిల్ల ఆమె. ఇంతమంది ఇన్ని ఇళ్ళల్లో ఎవరో ఒక మాట అంటారని కాచుకుని ఉన్నారని ఎవరూ నేర్పలేదు. వాళ్ళ గుమ్మాలన్నీ తను కొట్టి పారిపోయింది.

తర్వాత నాన్నవి మొదటినుంచి చదివింది.

"ఈసారి పురుగుల మాట లేదు. బాగుంది."

"రేపు వాన అంటున్నారు. గొడుగు తలుపు వెనక ఉంది."

"మీ అమ్మ మోకాలు పట్టేసింది. నీకు చెప్పొద్దంది. నేను చెప్పినట్టు చెప్పకు."

"స్పాంజి ఎండాకాలం వేడి చేస్తుంది. ఆ సంగతి కూడా రాయాలి కదా. న్యాయం."

"నువ్వు రాసేది ఇద్దరు ముగ్గురికి చూపించాను. మా అమ్మాయి రాసిందని చెప్పాను. పరుపు కొనలేదు కానీ చదివారు."

ఆమె యాభై రెండు చదివింది. యాభై మూడో దాని మీద వేలు పెట్టి చాలాసేపు ఆగింది. చెరిపెయ్యమన్నాడు నాన్న. చెరిపేసేవాళ్ళని ఆపడమే కదా తన ఉద్యోగం. తెరిచింది.

* * *

సాయంత్రం వెలుతురు ఉండగానే ఇంటికొచ్చింది. మేస్త్రీ పరుపు అంచు దగ్గర సూదితో కుస్తీ పడుతున్నాడు. ఆమె ఏమీ అనకుండా వెళ్ళి దూది గుట్ట మీద కూర్చుంది. తల్లి వంటింటి పని ఆపి గుమ్మానికి ఆనుకుంది.

"ఒకటోది" అంది కూతురు. "పురుగుల మాట మళ్ళీ రాయలేదు. ఇక రాయను. రెండోది, గొడుగు తీసుకెళ్ళలేదు, తడిశాను. మూడోది, అమ్మ మోకాలు సంగతి నాకెప్పుడో తెలుసు, మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటుంది."

"దొంగ మొహం" అంది తల్లి కళ్ళు తుడుచుకుంటూ.

"నాలుగోది, స్పాంజి వేడి చేస్తుందని రాస్తానంటే మా సారు ఉద్యోగం తీసేస్తాడు. అయినా అడుగుతాను. ఇవాళొకటి అడిగాను. ఆ జవాబులు నేను చూస్తానన్నాను, జీతం పెరగదన్నాడు, సరేనన్నాను."

మేస్త్రీ తల వంచుకునే వింటున్నాడు. ఒక్కోదానికి ఊ అంటున్నాడు. ఆమె అలా వరసగా చెబుతూ యాభై రెండో దాని దగ్గర ఆగింది.

"నిన్నటి పైమాట నేను కంపెనీ కోసం రాసింది కాదు నాన్నా" అంది. "నీకు పంపాలని ఫోన్లో ఎన్నిసార్లు కొట్టానో, ఎన్నిసార్లు చెరిపానో. ధైర్యం చాల్లేదు. ఆఫీసులో ఒక లైను కావాలన్నారు. ఇంకేదీ తోచలేదు. అదే ఇచ్చేశాను. నీకు చెప్పాల్సిన మాట అమ్ముకున్నాను."

మేస్త్రీ చేతిలో దారం ఆగిపోయింది.

"యాభై మూడోది చదివావా?"

"చదివాను."

ఆమె ఫోన్ తీయలేదు. కంఠతా వచ్చేసింది. "చెప్పమ్మా పిచ్చుకా. నువ్వు చెప్పే ముందు నేను చెప్పాలి. ఆ రోజు పురుగు అన్నాను. దూది మీద ప్రేమతో కాదు, నా పని అయిపోయిందన్న ఉక్రోషంతో అన్నాను. నిన్నంటే నువ్వు పడతావని అన్నాను. ఇంకెవరినీ అనలేక. మీ నాన్న."

వంటింటి గుమ్మంలో తల్లి ముక్కు చీదుకుంది.

"అది పొరపాటున వెళ్ళింది" అన్నాడు మేస్త్రీ.

"తిరిగిచ్చెయ్యనా?"

ఆయన కిటికీ వైపు చూశాడు. సూది వైపు చూశాడు. కళ్ళు అద్దాల్లేకే మసకబారాయని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఇప్పుడు బొత్తిగా ఏమీ కనబడడం లేదు.

"ఉండనీ" అన్నాడు. సూదీ దారం ఆమె వైపు చాచాడు.