టీ తాగని వియ్యంకుడు

ఆ ఆదివారం మధ్యాహ్నం హిల్డా ఇంట్లో పిడుగు పడింది. సంబంధం మాట్లాడడానికి వచ్చిన పెళ్ళికొడుకు తల్లిదండ్రులు, తెచ్చినవి తెచ్చినట్టే పట్టుకుని వెళ్ళిపోయారు. కూతురు లీజ్ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. తలుపు వెనక ఆ పిల్ల వెక్కిళ్ళు వింటుంటే తల్లి ప్రాణం విలవిల్లాడిపోయింది... ఇంత చేసిన మహానుభావుడు మాత్రం హాల్లో కేకు ముక్క నములుతూ, "బాగానే జరిగింది కదా హిల్డా" అన్నాడు.

ఆ మహానుభావుడు ఆమె భర్త, ప్రొఫెసర్ లీవెన్. పశ్చిమ దేశాల్లో ఇస్లామిస్టు సంస్థలు ఎలా వేళ్ళూనుకుంటాయి, కుర్రాళ్ళు తీవ్రవాదంలోకి ఎలా జారిపోతారు, ఎలా వెనక్కి వస్తారు అన్నది ఆయన చదువు. ఇరవై ఏళ్ళుగా బ్రస్సెల్స్‌లో ఆయన ఎక్కని గడప లేదు. సగం మంది ఆయన్ని పోలీసుల మనిషి అనేవారు, మిగతా సగం మంది ఆ సంస్థలకే అమ్ముడుపోయాడనేవారు. అందుకే ఒక నియమం పెట్టుకున్నాడు. ఎవరితో పని మీద మాట్లాడినా వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచి వచ్చి, సొంత హాల్లో బోర్లా పడ్డాడు.

వచ్చినవాళ్ళు మొరాకో వాళ్ళు. పిల్లవాడు ఇల్యాస్ మందుల షాపు నడుపుతాడు, బంగారంలాంటివాడు. తల్లి జూబిదా, తండ్రి మీమూన్. పెళ్ళి మాటలంటే లీవెన్‌కి కంగారు. కంగారు పుడితే ఆయన నోటికి వచ్చేది ఒక్కటే విద్య.

"ఏ మసీదుకి వెళతారు?" అని మొదలుపెట్టాడు.

"చివరి వీధిలోదానికండీ," అన్నాడు మీమూన్.

"ప్రత్యేకంగా అదే ఎందుకు?"

"అక్కడ కారు పెట్టుకోవడానికి చోటు దొరుకుతుందండీ."

హిల్డా బల్ల కింద భర్త కాలు తొక్కింది. ఆయన కాలు పక్కకి జరుపుకుని, ఆ మసీదుకి విరాళాలు ఎవరిస్తారని అడిగాడు. అదీ ఓర్చుకున్నారు పాపం. చివరికి జూబిదా లేచి, నీలం కాగితం చుట్టిన పంచదార దిమ్మనూ, పాలనూ, ఖర్జూరాలనూ రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది. వాళ్ళ ఆచారంలో అది పుచ్చుకుంటే పిల్లనిచ్చినట్టు. లీవెన్‌కి ఆ సంగతి తెలియక కాదు, దాని మీద ఒక వ్యాసమే రాశాడు! కానీ ఇరవై ఏళ్ళ అలవాటు ఆయన కంటే ముందు నోరు తెరిచింది.

"క్షమించండి. నేను మాట్లాడేవాళ్ళ దగ్గర ఏమీ తీసుకోను."

అంతే. జూబిదా మొహం మాడిపోయింది. దిమ్మను మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

"మీరు వద్దన్నది పంచదారని కాదు నాన్నా, నా పెళ్ళిని," అంది ఇప్పుడు గడియ పెట్టుకున్న గది లోపలినుంచి లీజ్.

లీవెన్ చేతిలో కేకు ముక్క ఆగిపోయింది. జరిగింది అప్పటికి బుర్రకెక్కింది. మొహం పాలిపోయి కుర్చీలో కూలబడ్డాడు. హిల్డాకి కోపమూ, జాలీ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "లేవండి. మీ చదువు తగలెయ్య! వాళ్ళింటికి వెళదాం. ఒక్క ప్రశ్న అడిగారంటే నేను పుట్టింటికి పోతాను," అంది.

వాళ్ళు వెళ్ళేసరికి మీమూన్ ఇంకా కారు పెట్టే చోటు కోసం వీధులు చుట్టబెడుతున్నాడట. జూబిదా ఒక్కతే ఉంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. టీ పోసి లీవెన్ ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"మా వీధిలో మిమ్మల్ని టీ తాగని ఆయన అంటారు ప్రొఫెసర్ గారూ. నన్నెప్పుడైనా చూశారా?"

"లేదండీ. ఇవాళే చూడడం," అన్నాడు లీవెన్. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధమాడితే ఆయన చెవులు ఎర్రబడతాయని హిల్డాకి తెలుసు. ఎందుకో అర్థంకాక జూబిదా వైపు చూసింది.

జూబిదా కళ్ళు తుడుచుకుంది. "అబద్ధమాడడం కూడా రాదమ్మా మీ ఆయనకి... మా అక్క కొడుకు ఆ తీవ్రవాదుల మాటల్లో పడి ఇల్లు వదిలిపోయినప్పుడు, ఈయన దగ్గరికి వెళ్ళి ఏడ్చాను వదినా. నా ఇల్యాస్ కూడా పోతాడేమోనని భయంగా ఉందని చెప్పుకున్నాను. మా ఆయనకి కూడా తెలియకూడదని బతిమాలాను. ఇవాళ మీ హాల్లో నన్ను గుర్తుపడతారేమోనని చచ్చిపోయాననుకో. ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు."

లీవెన్ అప్పుడు కూడా గోడవైపే చూస్తున్నాడు. తనకేమీ వినబడనట్టు.

హిల్డా భర్త వైపు తిరిగింది. ఈ మనిషి బండరాయి అని ఎన్ని రాత్రులు ఏడ్చింది! ఎందరు తల్లుల కన్నీళ్ళు కడుపులో పెట్టుకుని ఇంటికొచ్చి ఆ మౌనాన్ని మోశాడో... తనకి కూడా చెప్పలేదే.

"నా భయం సంగతి తెలిసి కూడా పిల్లనిస్తారా?" అంది జూబిదా.

లీవెన్ టీ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. అది పొగలు కక్కుతోంది. నాలుక కాలి కళ్ళ నీళ్ళొచ్చాయి. కొంచెం తేరుకుని అన్నాడు.

"టీ తాగాను కాబట్టి ఇక మీ వీధి గురించి నేను ఒక్క ముక్క కూడా రాయకూడదు. నా కొత్త పుస్తకంలో సగం పోయింది. పోనీండి. కొడుకు కోసం అంత ముందుగా భయపడి, సిగ్గు విడిచి పరాయివాణ్ణి అడిగిన తల్లి ఇంటికి నా కూతుర్ని కళ్ళు మూసుకుని పంపిస్తాను. ఇది పరిశోధనలో తేలింది కాదమ్మా. తండ్రిగా చెబుతున్నాను."

జూబిదా తలకి చుట్టుకున్న గుడ్డ అంచు మొహానికి అడ్డం పెట్టుకుంది. హిల్డా లేచి వెళ్ళి ఆమె భుజం పట్టుకుంది. ఇంతకాలం కాపురంలో ఆయన ప్రశ్నలడగడమే ఆమె చూసింది. ఎవరో అడిగితే ఆయన జవాబు చెప్పడం చూడడం ఇదే మొదటిసారి.