శ్రీకర్ అనేవాడు లేడు

"నా పాస్‌వర్డ్ నీ నోటుబుక్కులో ఎందుకప్పా?"

అమల నాతో మాట్లాడిన మొదటి మాట అది. రెండువేల రెండు, ఆగస్టు. తిరుపతి యూనివర్సిటీ రోడ్డులో ఆరు క్యాబిన్ల నెట్ సెంటర్‌కి నేను ఆపరేటర్‌ని. వచ్చినవాళ్ళకి ఈ-మెయిల్ ఐడీ తెరిచిపెట్టడం, పాస్‌వర్డ్ నోటుబుక్కులో రాసిపెట్టుకోవడం మా పద్ధతి.

"అందరూ మర్చిపోతారు. మళ్ళీ వచ్చి నన్నే అడుగుతారు," అన్నాను.

"నేను మర్చిపోను."

"అందరూ అదే చెప్తారు."

ఒక్క లాగు లాగింది. నోటుబుక్కు ఆమె చేతిలో ఉంది. పేజీ చించింది. నాలుగు ముక్కలు చేసి బ్యాగులో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ పేజీలో ఇంకో పదకొండు మంది పాస్‌వర్డులున్నాయి!

వారం రోజులు ఆ పదకొండు మందీ వరసగా వచ్చి తిట్టారు. రిటైర్డ్ హెడ్మాస్టర్ గంగాధరం గారైతే, "నువ్వు డిగ్రీ తప్పింది ఊరికే కాదురా," అన్నారు అందరి ముందూ.

పగ తీర్చుకోవాలనుకున్నాను. పేజీ పోయినా, ఐడీ తెరిచింది నేనే కాబట్టి అది గుర్తుంది. ఆ సాయంత్రమే చాటింగ్‌లో శ్రీకర్‌ని పుట్టించాను. వయసు ఇరవై ఏడు. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. మాట మెత్తన.

"అమల గారూ, మీతో పరిచయం చేసుకోవచ్చా అండీ?"

రెండు రోజులు ఆడించి, నిజం చెప్పి నవ్వాలని పథకం. రెండు రోజులు రెండు నెలలయ్యాయి.

ఆమె మూడో క్యాబిన్లో కూర్చునేది. నేను కౌంటర్లో. మధ్యలో ఒక ప్లైవుడ్ చెక్క. ఆమె నవ్వు ముందు నా చెవికి వినిపించేది. ఆ తరవాతే స్క్రీన్ మీద "హ హ హ" వచ్చేది.

"మా నెట్ సెంటర్లో ఒకడుండాడు," అని రాసిందొకరోజు. "ఎప్పుడు సూసినా ఆముదం తాగినట్టు మొహం పెడతాడు."

"చూడ్డానికి బాగుంటాడా అండీ?" అని అడిగాడు శ్రీకర్. అడగకుండా ఉండలేకపోయాడు.

"నవ్వితే బాగుంటాడేమో. ఎప్పుడూ సూడలేదు."

ఆమె లేచి కౌంటర్ దగ్గరికి వచ్చినప్పుడు గట్టిగా నవ్వాను.

"పంటి నొప్పా?" అంది.

నాకు శ్రీకర్ మీద అసూయ మొదలైంది ఆ రోజే. వాడితో గంటలు మాట్లాడే పిల్ల నాతో రెండు ముక్కలతో సరిపెట్టేది. వాడి పీక నొక్కడం నా చేతిలో పనే. కానీ వాడు పోతే, ఆమె మూడో క్యాబిన్‌కి ఎందుకొస్తుంది?

అక్టోబరులో ఒక వానరోజున చెక్క అవతల ముక్కు ఎగపీల్చిన శబ్దం. తరవాత వచ్చింది మెసేజ్.

వాళ్ళమ్మ గురవమ్మ బస్టాండు దగ్గర లాడ్జిలో రూములు కడుగుతుంది. కాలేజీలో మాత్రం, "మా అమ్మ లాడ్జి మేనేజర్," అని చెప్పింది అమల. మొన్న స్నేహితురాళ్ళతో ఆ వీధిలో పోతుంటే, బక్కెట్టు పట్టుకున్న తల్లి మెట్ల మీద నుంచి, "పాపా!" అని పిలిచింది. అమల మొహం తిప్పుకుని నడిచిపోయింది.

"రాత్రి ఇంటికి పోతే ఏమీ అనలేదండీ. అన్నం పెట్టింది. అదే నాకు..."

శ్రీకర్ జవాబు రాశాడు. "కన్నతల్లిని చూసి సిగ్గుపడకూడదండీ. మనమెవరో దాచుకుని బతకడం తప్పు."

ఆ మాటలు టైపు చేసినవి ఈ వేళ్ళే. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు కాలతాయి.

"నిజమే," అని వచ్చింది. "మీరు ఆదివారం తిరుపతికి రండి. మా అమ్మను మీకు చూపిస్తా. ఆమె పనిచేసే చోటే."

"వస్తానండీ," అనేశాడు శ్రీకర్. నాకు మూడు రోజులు టైముంది. శనివారం మధ్యాహ్నం దాకా ఆలోచించి, పిరికివాడి దారి పట్టాను. "క్షమించండి, నాకు పెళ్ళి కుదిరింది," అని టైపు చేశాను. బయట మళ్ళీ వాన. పంపబోతుంటే కరెంటు పోయింది.

కిటికీల్లేని క్యాబిన్లు. కొవ్వొత్తి వెలిగించి మూడో దాంట్లో పెట్టడానికి వెళ్ళాను. ఆమె చేతులు నలుపుకుంటోంది.

"ఏం భయపడతా ఉండావు?" అన్నాను.

"రేపు ఒకరిని మా అమ్మ దగ్గరికి పిల్చుకోని పోతా ఉండా. ఆమె ఏమనుకుంటాదో అని."

"ఏమీ అనుకోదులే. మెట్ల మీద నుంచి పిలిచినా పలక్కుండా పోయినావే, ఆ రోజే ఏమీ అనలేదు కదా."

అన్న తరవాత తెలిసింది, ఏమన్నానో.

కొవ్వొత్తి వెలుగులో ఆమె కళ్ళు నా మీదే నిలిచాయి.

"ఆ సంగతి నీకెవరు చెప్పినారు?"

అబద్ధం వెతికాను. రెండు నెలలుగా వందల అబద్ధాలు రాసిన వాడికి ఒక్కటీ దొరకలేదు.

"నువ్వే. నాకే చెప్పినావు. శ్రీకర్ అనేవాడు లేడు."

ఆమె అరవలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

"అంటే, నేను ఆడ ఏడస్తా ఉంటే, నువ్వు ఈడ కూర్చోని వింటా ఉన్నావా?"

తల ఊపాను. వానలోనే వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున లాడ్జికి వెళ్ళాను. రిసెప్షన్ నిండా యాత్రికులు. గురవమ్మ కొత్త చీర కట్టుకుని, కొంగు నడుముకి దోపి, నేల తుడుస్తోంది. వచ్చేవాడి కోసం కట్టుకున్న చీర. అమల మెట్ల మీద కూర్చుని ఉంది. వాళ్ళమ్మకి ఇంకా ఏమీ చెప్పలేదని చూడగానే తెలిసింది.

"అమ్మా, బెంగుళూరు నుంచి ఎవురూ రారు. నీ బిడ్డను మోసం చేసింది నేను. నా పేరు హరినాథ్. మాది చంద్రగిరి. డిగ్రీ తప్పినాను. నెట్ సెంటర్లో పని."

గురవమ్మ తుడవడం ఆపి, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎందుకట్ల చేసినావు నాయనా?"

"మొదట పగతో. తరవాత... ఆ పిల్ల మాట్లాడకుంటే ఉండలేక."

"నోరుండాది కదా, దాంతో మాట్లాడకూడదా?"

తల వంచుకుని వెనక్కి తిరిగాను.

"ఏమప్పా హరినాథూ, నిలబడు." అమల గొంతు. "ఆ శ్రీకర్‌కు చెప్పినవేవీ నీకు చెప్పినట్టు కాదు. అన్నీ మర్చిపో. నువ్వు నువ్వుగా అడుగు."

"ఏం అడిగేది?"

"మా అమ్మ ఏం పని చేస్తాదో అడుగు."

"మీ అమ్మ ఏం పని చేస్తాది?"

అమల లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది. రిసెప్షన్లో ఉన్న యాత్రికులంతా తలలు తిప్పేంత గట్టిగా చెప్పింది.

"ఈ లాడ్జిలో రూములు కడుగుతాది! ఇదో, ఈమే మా అమ్మ!"

గురవమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తరవాత ఇద్దరినీ కసిరింది.

"తెలిసింది లేమ్మా. ఇద్దరూ పక్కకు పోయి మాట్లాడుకోండి. తడి నేల తొక్కతా ఉండారు."