బేస్ గిటారూ భుజం మెత్తా

ఉదయం ఎనిమిదింటికి షట్టర్ పైకి లేచిందంటే మళ్ళీ చీకటి పడి కిందికి దిగేదాకా ఆ డ్రై క్లీనింగ్ షాపు కౌంటర్ వెనక ఒక మనిషి ఉండి తీరాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ మనిషి ఆమే. పెళ్ళై వచ్చిన నాలుగో రోజున మామగారు, "కాస్త ఇక్కడ కూర్చో అమ్మా, ఇప్పుడే వస్తాను" అని లేచారు. ఆయన కాలం చేసి కూడా పదకొండేళ్ళయింది. ఆమె మాత్రం ఆ కుర్చీలోంచి ఇంకా లేవలేదు.

షాపుకొచ్చేవాళ్ళు ఆమెను మరకలమ్మ అంటారు. వెక్కిరింత కాదు, గౌరవమే. చొక్కా చేతికిస్తే చాలు, వాసన చూసి, "ఇది సిరా కాదండీ, బూటు పాలిష్. ఎక్కడ కూర్చున్నారేంటి?" అని అడుగుతుంది. ఆమె భర్తను అందరూ మాస్టారంటారు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు, కోటు ఇస్త్రీ చేయడంలో మాస్టారు. "మా ఆవిడ ముక్కే మా షాపు" అని ఊరంతా చెప్పుకుంటాడు. ఆ పొగడ్తే ఆమె మెడకు గుదిబండయింది. జ్వరం వచ్చినా సరే, వాసన తెలుస్తోందా అని అడిగి మరీ కుర్చీలో కూర్చోబెడతారు.

ఆ బుధవారం కూడా అన్ని బుధవారాల్లాగే తెల్లారింది.

"ఏమండీ, హోటల్ వాళ్ళ యూనిఫాంలు ఇచ్చేసి వస్తాను."

"ఎన్నింటికొస్తావ్?"

"రెండు గంటలు పట్టొచ్చు."

"పోయిన వారం గంటలో వచ్చేశావుగా?" మాస్టారు కోటు మీద నుంచి తల ఎత్తలేదు. అనుమానం కాదు. కౌంటర్ ఖాళీగా ఉంటే ఆయనకు ఊపిరాడదు, అంతే.

"వాళ్ళ లిఫ్ట్ పాడైందట" అంది. అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

పైనుంచి అత్తగారి కేక. "అమ్మాయ్, నా కళ్ళజోడెక్కడ?"

"మీ నెత్తి మీదే ఉంది అత్తయ్యా!"

"ఎక్కడా?"

అత్తగారికి చెవులు సగం పోయాయి. సన్నటి చప్పుళ్ళు అసలు అందవు. పక్కనే ఫోన్ మోగినా తెలియదు. కింద ఉతికే మెషీన్ దడదడలాడితే మాత్రం మంచం మీద నుంచే, "ఇవాళ బరువెక్కువేశార్రా" అని తీర్పు చెబుతుంది.

అసలీ అబద్ధానికి కారణం ఒక పళ్ళ డాక్టరమ్మ. మూడు వారాల క్రితం తెల్లకోటు మీద ఏదో ఎర్ర మరకతో వచ్చి, రసీదు అందుకుంటూ అలాగే నిలబడిపోయింది.

"ఒసేయ్, నువ్వటే! ఇక్కడున్నావా ఇన్నేళ్ళూ?"

కాలేజీలో నలుగురమ్మాయిలు కలిసి పాటలు కట్టేవాళ్ళు. ఈ డాక్టరమ్మ డ్రమ్స్ కొట్టేది. మరకలమ్మ బేస్ గిటార్ వాయించేది. నాలుగే తీగలు, లావువి. పాటలో ముందుకొచ్చి మెరిసే వాయిద్యం కాదది. వెనకుండి పాటను మోస్తుంది, ఆగిపోతే గాని ఉందని తెలియదు. పెళ్ళయ్యాక ఆ గిటార్ పుట్టింట్లో ఉండిపోయింది. అడగకుండానే తమ్ముడు దాన్నెవరికో ఇచ్చేశాడు.

"ఆదివారాలు మూడింటికి మా క్లినిక్ వెనక గదిలో వాయిస్తున్నామే. బేస్ లేక పాటలు గాల్లో తేలుతున్నాయి. వచ్చే నెల మూడో ఆదివారానికి నువ్వు రాకపోతే మావాళ్ళు వేరే మనిషిని మాట్లాడేస్తారట. వస్తావా?"

"చూస్తాను" అంది మరకలమ్మ. ఆ ఇంట్లో చూస్తానంటే కుదరదని అర్థం. కానీ ఆ మధ్యాహ్నం ఆమె కుడిచేతి రెండు వేళ్ళు కౌంటర్ మీద వాటంతటవే నడవడం మొదలుపెట్టాయి.

ఊడిన గుండీలు కుట్టినందుకు వచ్చే చిల్లర ఎవరు కుడితే వాళ్ళదే. అది మామగారు పెట్టిన రివాజు. ఈ బుధవారం ఆ గుండీల డబ్బు కూడబెట్టిన డబ్బా సంచిలో వేసుకుని, యూనిఫాంలు పావుగంటలో ఇచ్చేసి, హోటల్ వెనక సందులో పాత వాయిద్యాలమ్మే దుకాణానికి వెళ్ళింది. వెళ్ళడం ఇది మూడోసారి. ముందు రెండుసార్లు అద్దంలోంచి చూసి వచ్చేసింది.

దుకాణంలోని గడ్డం పెద్దాయన ఆమె చెప్పిన మొత్తం విని మూతి విరవలేదు. అదే మంచి శకునం అనుకుంది. మూడు గిటార్లు తెచ్చి ముందు పెట్టాడు.

మొదటిది ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. మీటగానే ఖంగుమంది. "బావుంది గాని బాబాయ్, ఇది వాయిస్తున్నట్టు లేదు, పిలుస్తున్నట్టుంది" అంది. రెండోది నల్లది, లోపల బ్యాటరీ, బోలెడు మరలు. ఏ మర తిప్పినా ఏదో ఒకటి ఎక్కువయ్యేది తప్ప తగ్గేది కాదు.

మూడోది ముదురు గోధుమరంగుది. మోచెయ్యి ఆనే చోట రంగు పోయి చెక్క బయటపడింది. మోయలేనంత బరువు. ఆమె దాన్ని పక్కటెముకలకు ఆనించుకుని అన్నిటికన్నా లావు తీగను బొటనవేలితో నొక్కి వదిలింది. చప్పుడు చెవికి రాలేదు. రొమ్ములోకి వచ్చింది. గుండ్రంగా, పొట్టిగా మోగి, చెప్పాల్సింది చెప్పి ఊరుకుంది. ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఆ పాత స్వరం కోసమే కదా ఇరవై రెండేళ్ళు ఎదురుచూసింది!

"దీన్నెవరూ కొనరమ్మా, చూడ్డానికి బాగోదని" అన్నాడు పెద్దాయన. "నీకు చెవుందే! అయితే ఒక్క మాట విను. ఈ నున్న తీగలు పదిహేనేళ్ళ నాటివి. మార్చకు. తుడవకు. వాటికి పట్టిన జిడ్డులోనే ఉంది రుచంతా. ఇదిగో, ఈ రేకు మూత కింద ఓ స్పాంజి ముక్కుంది. చూస్తే చెత్తలా ఉంటుంది. అది తీగల్ని అదిమి పట్టుకుంటేనే ఈ మెత్తదనం. అదీ తియ్యకు."

"జిడ్డు తుడవొద్దా?" డ్రై క్లీనింగ్ ఇంటి కోడలికి నవ్వొచ్చింది. "మా ఇంట్లో ఈ మాట అంటే తరిమేస్తారు బాబాయ్."

పొడుగు కోట్లకు వేసే జిప్పు కవర్లు తమ షాపులో గుట్టలున్నాయి, వస్తూ ఒకటి సంచిలో తెచ్చుకుంది. గిటార్ దాంట్లో సరిగ్గా ఇమిడింది. దాన్ని తెచ్చి పై గదిలో, ఎవరూ తీసుకెళ్ళని కోట్ల మధ్య కొయ్యకు తగిలించింది. ఒకప్పుడు కూతురి గది అది. కూతురు ఉద్యోగానికి వెళ్ళిన మర్నాడే కోట్లు వచ్చి చేరాయి. కొయ్యకు తగిలించిన ప్రతిదానికీ చీటీ ఉండాలి కాబట్టి అలవాటు కొద్దీ చీటీ రాసింది. వరుస సంఖ్య వేసింది. 'ఎవరిది' అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. ఖాళీగా వదిలేసింది.

గురు, శుక్రవారాలు కింద మెషీన్ తిరిగే వేళ చూసుకుని, కోట్ల మధ్య కూర్చుని, గిటార్ అడుగు నేలకు ఆనించి వాయించింది. ఆ చప్పుడులో కలిసిపోతుందని ధైర్యం. వేళ్ళు బొబ్బలెక్కాయి. మెషీన్ ఆగగానే కవర్లో పెట్టి, జిప్పు లాగి, కిందికి పరిగెత్తి కుర్చీలో కూర్చునేది. ఆదివారం సంగతి మాత్రం భర్తతో అనలేకపోయింది. ఆదివారం మెషీన్ వడపోత గుడ్డలు శుభ్రం చేసే రోజు, ఇద్దరూ ఉండాలి. చెబితే ఆయన కాదనడు. "మరి వడపోత?" అంటాడు. ఆ రెండు మాటల కింద ఇన్నేళ్ళలో ఎన్నో నలిగిపోయాయి. అడకత్తెరలో పోకచెక్కలా మూడు రోజులు గడిపింది.

ఆదివారం పొద్దున్న పదింటికి గదిలోకి వెళ్ళి కవర్ దగ్గర నిలబడగానే కాళ్ళు ఆగిపోయాయి. జిప్పు తీయకముందే ముక్కుకు తెలిసిపోయింది. మరకలు తీసే మందు వాసన.

గిటార్ అద్దంలా మెరుస్తోంది. తీగలు తెల్లగా తళతళలాడుతున్నాయి. రేకు మూత కింద వేలు పెట్టి చూసింది. నున్నగా, శుభ్రంగా, ఖాళీగా ఉంది. మీటింది. ఖంగుమంది.

"చూశావా?" గుమ్మంలో మాస్టారు. మొహం చేటంతై ఉంది. "నిన్న నువ్వు మాసిన యూనిఫాంలు తేవడానికి హోటల్‌కెళ్ళినప్పుడు చూశాను. చీటీ నీ రాత, పేరు లేదు. పేరు లేకపోతే ఇంటిదేగా! నీదే అనుకున్నా. రెండు గంటలు పట్టిందనుకో. ఒక్కో తీగా విప్పి మందులో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది... ఎంత జిడ్డే బాబూ! ఆ మూత కింద కుళ్ళిపోయిన స్పాంజి ముక్కొకటి, చేత్తో పట్టుకుంటే పొడైపోయింది. పారేశా."

ఆమె ఆ మూత కింద మళ్ళీ తడిమింది.

"ఏమైంది? బాలేదా? కొత్తదానిలా చేశానే!"

"కొత్తదే కావాలంటే కొత్తదే కొనుక్కునేదాన్నిగా!" గొంతు చీల్చుకుని వచ్చింది. "ఎవరు ఉతకమన్నారండీ? అడిగారా? నా ముక్కు కావాలి, నా చేతులు కావాలి, నా ఆదివారాలు కావాలి. ఒక్కటి, ఒక్క వస్తువు నా కోసం తెచ్చుకుంటే దాన్నీ కడిగి కొయ్యకు తగిలించారు!"

"నీకు సంతోషమవుతుందని..."

"మూడింటికి నేను వెళ్ళాలి. వాయించడానికి. ఇవాళ వెళ్ళకపోతే ఇంకెవర్నో పెట్టుకుంటారు. ఇప్పుడు దీంతో ఏం వెళ్ళను?"

"ఇవాళా?" మాస్టారు అయోమయంగా చూశాడు. "మరి వడపోత..."

ఆమె నవ్వింది. ఏడుపు కన్నా అన్యాయంగా ఉంది ఆ నవ్వు. "ఆ మాట కోసమే చూస్తున్నా" అని గిటార్ పక్కనే కోట్ల కింద నేల మీద కూలబడింది.

ఇంతలో గోడకు చేయి ఆనించుకుంటూ అత్తగారు వచ్చింది. కొడుకునూ కోడలినీ మార్చి మార్చి చూసింది.

"ఆ రెండ్రోజులూ మోగింది ఇదేనా అమ్మాయ్?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"మీకు వినపడిందా అత్తయ్యా?"

"నాకు వినపడేవే అవి. మంచం కోళ్ళలోంచి వచ్చేది. ఏళ్ళ తర్వాత ఇంట్లో మనిషెవరో నాతో మాట్లాడినట్టుంది." కొడుకు వైపు తిరిగింది. "ఇందాక మోగిందేమిట్రా మరి, కంచం కింద పడ్డట్టు? నాకు కొస మాత్రమే అందింది. ఏం చేశావ్?"

"ఉతికాను" అన్నాడు మాస్టారు, చిన్నపిల్లాడిలా.

"మీ నాన్న కొడుకువిగా, ఇంకేం చేస్తావ్. అమ్మాయిని ఇప్పుడే వస్తానని కూర్చోబెట్టి పోయాడు ఆ మహానుభావుడు. నువ్వు లేపనే లేదు. నేనూ లేపలేదనుకో."

మాస్టారు కిందికి వెళ్ళిపోయాడు. మెట్ల చప్పుడు వింటూ, అంతే, వడపోత దగ్గరికి వెళ్ళాడనుకుంది ఆమె.

కానీ ఆయన ఒక అట్టపెట్టెతో తిరిగొచ్చాడు. పాత కోట్ల భుజాల్లోంచి తీసిన మెత్తలున్నాయందులో. ఉతికితే పాడవుతాయని విప్పి, కొత్తవి కుట్టాక పాతవి పెట్టెలో పడేస్తారు. నేల మీద ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఆ ముక్క ఎంత మందం ఉండేది?"

ఆమె తల తిప్పుకుంది.

"చెప్పు. నాకు గుడ్డ తెలుసు, స్పాంజి తెలుసు. పాట తెలియదు. నువ్వు చెబితే చేస్తా."

ఇరవై రెండేళ్ళలో నువ్వు చెబితే చేస్తానన్నది అదే మొదటిసారి. ఆమె బొటనవేలు, చూపుడువేలు మధ్య మందం చూపించింది. ఆయన కత్తెరతో ఒక మెత్తను కోసి తీగల కింద దూర్చాడు. ఆమె మీటింది. మూగదైపోయింది. "వద్దు" అంది అత్తగారు, మంచం కోడు పట్టుకున్నట్టు తలుపు చెక్క పట్టుకుని. రెండోది జారిపోయింది. మూడోది ఎప్పటిదో ముసలి ఓవర్‌కోట్‌ది, అణిగిపోయిన ఉన్ని. ఆమె తీగ నొక్కి వదిలింది.

గుండ్రంగా మోగి, ఊరుకుంది.

"ఆఁ" అంది అత్తగారు. "ఇదే. కాస్త పదునుంది గాని ఇదే."

"ఆ పదును జిడ్డు లేక" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. "పదిహేనేళ్ళ జిడ్డు. నా చేతులది పట్టేదాకా పోదు."

"ప్రతి ఆదివారం వెళితే పడుతుందా?" అడిగాడు మాస్టారు.

ఆమె ఆయన మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు. నిజంగానే, మరక పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో అడిగినట్టు అడుగుతున్నాడు.

"చాలా ఆదివారాలు కావాలండీ."

"వడపోత నేనొక్కణ్ణే చూసుకుంటా. ఆలస్యమైతే అవుతుంది" అన్నాడు. మిగిలిన మెత్తలు పెట్టెలో సర్దుతూ, "పదహారేళ్ళప్పుడు నాన్న నా చేతికి ఇస్త్రీ పెట్టె ఇచ్చాడు. మాసింది కనిపిస్తే చెయ్యి ఊరుకోదే. నీ వస్తువు కనిపిస్తే నిన్నడగాలని తట్టలేదు. తప్పు నాదే" అన్నాడు. ఆమెకు ఆయన మీద కోపం పూర్తిగా పోలేదు. కానీ ఆ కౌంటర్ వెనకా ఇస్త్రీ బల్ల వెనకా ఇద్దరూ ఒకేలా ఇరుక్కున్నారని మొదటిసారి తెలిసింది, జాలేసింది.

రెండున్నరకు కవర్ భుజానికి తగిలించుకుని కిందికి వచ్చేసరికి మాస్టారు కౌంటర్ దగ్గర, ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పాత చీటీ తీసేసి కొత్తది రాసి ఉంచాడు. 'ఏం చెయ్యాలి' అన్న గడిలో ఆయన అడ్డదిడ్డం రాతలో, 'ఉతకవద్దు. తుడవవద్దు. అడగకుండా ముట్టుకోవద్దు.'

"ఒక్క గడి మిగిలింది" అని కలం ఆమె చేతికిచ్చాడు.

'ఎవరిది' అని ఉందక్కడ. వేలకు వేలు ఊళ్ళోవాళ్ళ పేర్లు రాసిన చేత్తో 'నాది' అని రాసి, చీటీ కవర్‌కు గుచ్చి, సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి బయటికి నడిచింది.